చక్రాల నడుమ కిష్టమ్మ డబ్బా

ఆ రోజు పొద్దున శివశంకర్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. నిజాంపేటలో స్కూటర్ ఎక్కాలి. హైటెక్ సిటీలో ఆగి, అక్కడ ఒక కంపెనీ లాబీలో తను నిలబెట్టిన శిల్పం మీద లైట్లు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకోవాలి. అక్కడి నుంచి తెల్లాపూర్ వెళ్లి అత్తగారికి టిఫిన్ డబ్బా అప్పజెప్పాలి. సాయంత్రం నాలుగింటికి మళ్లీ హైటెక్ సిటీకి వచ్చి, గెలవాలి. చివరిదొక్కటి తప్ప మిగతావన్నీ చేతిలో పనులే కదా అని అతని భార్య ఉమాశ్రీ అనుకుంది. చివరిది కూడా చేతిలో పనే అని శివశంకర్ అనుకున్నాడు.

శివశంకర్ శిల్పి. అయితే రాయి, కంచు జోలికి పోడు. జనం పారేసిన వస్తువులు ఏరుకొచ్చి వాటితోనే శిల్పాలు కడతాడు. తెగిన చెప్పులు, గొడుగు కమ్మీలు, ఆటో అద్దాలు, మూత పోయిన ఫ్లాస్కులు, ఏది కంటపడినా ఇంటికి వస్తుంది. వాళ్లింట్లో స్నానాల గదులు రెండు. అందులో ఒకటి నీళ్ల మొహం చూసి ఏళ్లు గడిచాయి. దానికి ఉమాశ్రీ బాధపడటం ఎప్పుడో మానేసింది. బాధపడటానికి ఆ ఇంట్లో ఇంతకంటే పెద్దది మరొకటుంది. అది భర్తగారి కుళ్లు.

ఆ కుళ్లుకు ఒక పేరుంది. మధు. ఇద్దరూ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో కలిసి చదివారు. మధుది కాకినాడ. అతనూ పారేసిన వస్తువులతోనే శిల్పాలు చేస్తాడు. కానీ మధు చేసినవి హోటళ్లలో, పెద్ద పెద్ద ఆఫీసుల్లో నిలబడతాయి. శివశంకర్ చేసినవి స్నానాలగదిలో నిలబడతాయి. మధు ఫొటో పేపర్లో పడిన రోజు వాళ్లింట్లో పేపరు కనిపించదు. ఉమాశ్రీ పక్కింటికి వెళ్లి చదువుకుని వస్తుంది. పోనీ ఆ మధు చెడ్డవాడా అంటే, అదీ కాదు. ఎదురుపడితే భుజం మీద చెయ్యి వేసి క్షేమం అడుగుతాడు. శివశంకర్‌కు అసలు మంట అక్కడే. చెడ్డవాడైతే కనీసం తిట్టుకునే సుఖమైనా ఉండేది.

ఈసారి ఇద్దరూ ఒకే చోట తలపడ్డారు. ఆ కంపెనీ కొత్త భవనం కట్టి, లాబీలో శాశ్వతంగా ఉండేందుకు ఒక శిల్పం కావాలని ఇద్దరినీ పిలిచింది. ఇద్దరి శిల్పాలనూ వారం రోజులు ఎదురెదురుగా ఉంచి, ఈ సాయంత్రం పెద్దసారు రామచంద్రం గారు ఒకదాన్ని ఎంచుతారు. ఓడినవాడు తన సామాను తను తీసుకుని వెళ్లాలి.

"ఈసారి గూడ మధుగాడే కొడితే ఇగ నేను చెత్త ఏరుడు బంద్ వెడ్త. సోమవారంకెళ్లి రవీందర్ దుకాణంల కూసుంట," అని శివశంకర్ ఇంట్లో ఒట్టు పెట్టాడు. రవీందర్ అతని బామ్మర్ది. తెల్లాపూర్‌లో స్నానాలగది టైల్స్, కమోడ్లు అమ్ముతాడు. బావ కోసం కుర్చీ కూడా సిద్ధం చేశాడు. ఆ కుర్చీ తలుచుకుంటే శివశంకర్‌కు నిద్ర పట్టడం లేదు.

"డబ్బ జర పైలం. అది మా అమ్మది," అంది ఉమాశ్రీ నాలుగు గిన్నెల స్టీలు టిఫిన్ డబ్బాను చేతికిస్తూ.

"మీ అమ్మదని దాని మీదనే రాసుంది గద."

నిజమే, రాసి ఉంది. పాత చీరలు, ప్యాంట్లు ఇచ్చి వీధిలో స్టీలు సామానమ్మే మనిషి దగ్గర కిష్టమ్మ ఆ డబ్బా కొన్నది. కొన్నాక ఊరుకునే మనిషి కాదు. బజారుకు తీసుకెళ్లి, చుక్కలు పొడిచే మిషనుతో నాలుగు గిన్నెల మీదా, మూత అంచు మీదా, ఆఖరికి పిడి మీదా, అన్నీ ఒకే పక్కకు వచ్చేలా 'కిష్టమ్మ' అని పేరు వేయించింది. పోయినవారం అందులో ఆవకాయ పంపింది. ఇవాళ డబ్బా తిరిగి వెళ్లాలి.

"గిన్నె ఖాలీగ పంపితే మా అమ్మ ఊకుంటదా? తలకాయ కూర, జొన్న రొట్టెలు పెట్టిన. ఆమె ఏం వండుకోకుంట ఎదురు చూస్తది. పగటన్నం యాల్లకు ఇచ్చెయ్యి. మర్చిపోకు."

"నేనెప్పుడు మర్చిపోయిన?"

"పోయిన నెల స్కూటర్ పెట్రోల్ బంకుల ఇడిసిపెట్టి ఆటోల ఇంటికొచ్చినవ్."

శివశంకర్ స్కూటర్ ఎక్కాడు. ఈసారి స్కూటర్ ఇంటి ముందే ఉంది.

లాబీలో ఎడమ పక్కన శివశంకర్ శిల్పం. పేరు 'ఎదురుచూపు'. రోడ్ల పక్కన దొరికిన పగిలిన హెల్మెట్లను పొడుగాటి ఇనప కమ్మీలకు తొడిగి, బస్టాపులో నిలబడ్డ జనంలాగా వరుసగా పెట్టాడు. ఎత్తు కాస్త ఎక్కువై అది సీసీ కెమెరాకు కూడా అడ్డం వచ్చింది. కుడి పక్కన మధు శిల్పం 'గమనం'. పాత ఆఫీసు కుర్చీల చక్రాలన్నిటినీ వలయాలు వలయాలుగా పేర్చి, నట్టనడుమ గుండ్రంగా కొంత చోటు ఖాళీగా వదిలాడు. ఆ ఖాళీలోనే అసలు అర్థమంతా ఉందని మధు అంటాడు. చక్రాలు సరిపోక వదిలేశాడని శివశంకర్ అంటాడు.

ఆ లాబీకి రెండు చట్టాలున్నాయి. రెండూ ఆఫీసు నిర్వహణ చూసే నవ్య పెట్టినవే. మొదటి రోజే శివశంకర్ చడీచప్పుడు లేకుండా వెళ్లి మధు శిల్పం మీది లైటు ఆర్పేశాడు. దాంతో "ఒకరి వర్క్ ఇంకొకరు ముట్టుకుంటే ఆ ఆర్టిస్టు ఔట్" అని ఒక చట్టం వచ్చింది. అదే రోజు సెక్యూరిటీ మొగిలి, శివశంకర్ ఒక కమ్మీ అడుగున పెట్టిన తెగిన చెప్పును చెత్తబుట్టలో వేశాడు. మొగిలి తప్పు కూడా లేదు, ఎవరైనా అదే చేస్తారు. అతని కోసం నవ్య రెండో చట్టం తెచ్చింది. పీఠం మీద ఏది ఉంటే అది ఆర్టు. కింద ఏది ఉంటే అది చెత్త. మొగిలి ఆ మాటను గుండెల్లో రాసుకున్నాడు.

శివశంకర్ నేరుగా తన శిల్పం దగ్గరికి వెళ్లి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ ముందు ప్రత్యర్థిని చూడకుండా అతని కాళ్లు కదలవు. మధు చక్రాల దగ్గరికి వెళ్లాడు. చుట్టూ తిరిగాడు. లోపలి వలయంలో ఒక బోల్టు తుప్పు పట్టి కనిపించింది. అతని కడుపు చల్లబడింది. దాన్ని ఫొటో తీసి రామచంద్రం గారికి ఎలాగోలా చేరవేయాలనుకున్నాడు. వంగితే చేతిలో డబ్బా అడ్డం. ఎక్కడ పెట్టాలా అని చూస్తే చక్రాల నడుమ గుండ్రటి ఖాళీ, అచ్చం డబ్బా కోసమే చేసినట్టు కనిపించింది. పేరున్న పక్క లోపలికి పోయేలా డబ్బాను అందులో దించి ఫోను తీశాడు.

"శివశంకర్ సార్!" అని వెనక నుంచి నవ్య కేకేసింది.

శివశంకర్ ఉలిక్కిపడి ఆమడ దూరం గెంతాడు. "నేనేం ముట్టలే మేడం. ఊకె చూస్తున్న."

"అది కాదు సార్, మీ హెల్మెట్ ఒకటి ఊగుతోంది. ఎవరి నెత్తిన పడుతుందోనని భయంగా ఉంది. వెంటనే రండి."

హెల్మెట్ బిగించడానికి చాలాసేపే పట్టింది. చెమట తుడుచుకుంటూ నిచ్చెన దిగాక శివశంకర్‌కు అత్తగారు గుర్తొచ్చింది. అత్తగారితో పాటు డబ్బా గుర్తొచ్చింది. తిరిగి చూస్తే మధు చక్రాల చుట్టూ జనం. మెడలో ఐడీ కార్డులు, చేతుల్లో కాఫీ కప్పులు, అందరి ఫోన్లూ డబ్బా వైపే ఉన్నాయి.

"వారం నుంచి చూస్తున్నా, ఇప్పుడు అర్థమైంది," అంటోంది ఒక అమ్మాయి. "ఇన్ని చక్రాలు తిరిగేది చివరికి ఆ డబ్బా కోసమే కదా."

"నాకైతే మా అమ్మ గుర్తొచ్చింది," అన్నాడు పక్కన కుర్రాడు. "లాస్ట్ డే వరకు దాచిపెట్టాడు చూడు. మధు గారంటే మధు గారే!"

శివశంకర్ ఒళ్లంతా కారం రాసుకున్నట్టు మండింది. తన డబ్బా. తన అత్తగారి డబ్బా. తన ఇంట్లో వండిన తలకాయ కూర. ఇన్నేళ్లలో తన శిల్పం ముందు ఇంతమంది ఒక్కసారైనా నిలబడలేదు. జనాన్ని తోసుకుంటూ వెళ్లి చెయ్యి చాపాడు. మొగిలి ఆ చేతిని గాలిలోనే ఆపాడు.

"సార్, ముట్టద్దు."

"అరే మొగిలీ, అది డబ్బ!"

"పీఠం మీదున్నది ఆర్టు సార్. మేడం చెప్పింది."

ఇంతలో నవ్య వచ్చింది. మధు ఇచ్చిన డ్రాయింగులో ఈ డబ్బా లేదు. ఆమె డబ్బానూ శివశంకర్‌నూ మార్చి మార్చి చూసింది. "సార్, ఇది మీరు పెట్టారా? మీరు పెట్టి ఉంటే మాత్రం రూల్ రూలే. కెమెరాలో చూద్దామంటే మీ హెల్మెట్లే అడ్డం ఉన్నాయి."

అవునంటే పోటీ లేదు. పోటీ లేకపోతే సోమవారం నుంచి కమోడ్ల మధ్య కుర్చీ. "నేనా? మా అమ్మతోడు మేడం! గా డబ్బ ఎవలదో నాకేం ఎరుక?" అన్నాడు శివశంకర్. అన్నాక తెలిసింది, ఇక ఆ డబ్బాను నాదని అడగడానికి వీల్లేదు.

మధు వచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అతను బిత్తరపోయి డబ్బాను చూసి, ఉన్నమాటే చెప్పాడు. "అయ్యో, ఈ క్యారేజీ నాది కాదండీ. నేను పెట్టలేదండీ."

"విన్నారా? నాది కాదంటున్నారు," అంది ఇందాకటి అమ్మాయి కళ్లు పెద్దవి చేసి. "దొరికిన వస్తువు ఎవరిదీ కాదు. ఎంత పెద్ద మాటో చూడండి!" చప్పట్లు ఇంకా పెరిగాయి. మధు ఎన్నిసార్లు కాదంటే అన్నిసార్లు అతని వినయం పెరుగుతూ పోయింది. నిజం చెప్పి కూడా పేరు కొట్టేసేవాణ్ణి ఏం చేయాలో శివశంకర్‌కు తెలియలేదు.

జనం పలచబడ్డాక మధు అతని పక్కకు వచ్చి నిలబడ్డాడు. "ఏరా శివా, టిఫిన్ చేశావా? మొహం అలా వేలాడేశావేంటి?"

"ఏం లే. మస్తుగున్నది నీ పని."

"నా పనా? ఎవడో నా ఖాళీ చెడగొట్టాడ్రా. అది కూడా పర్వాలేదు," అని మధు గొంతు తగ్గించాడు. "ఆ క్యారేజీ పెట్టాలన్న ఆలోచన నాకెందుకు రాలేదా అని కడుపు ఒకటే ఉడికిపోతోంది. ఆ పెట్టినవాడెవడో దొరికితే పీక పిసకాలనుంది."

"నీకు గూడ కుళ్లుంటదారా?" అన్నాడు శివశంకర్ ఆశ్చర్యంగా. చదువుకున్న రోజుల నుంచి ఇప్పటివరకు అతనికి మధు మీద ప్రేమ పుట్టింది అదే మొదటిసారి. ఎవరో వచ్చి మధు చెయ్యి పట్టుకుని ఊపేదాకా ఆ ప్రేమ నిలిచింది.

జేబులో ఫోను మోగింది. కిష్టమ్మ.

"అల్లుడా, ఏడున్నవ్? ఆకలైతుంది."

"ట్రాఫిక్ల ఉన్న అత్తమ్మా. గిదే వస్తున్న."

"ట్రాఫిక్ల వీణ సప్పుడు వస్తుందేంది?"

లాబీలో రోజంతా సన్నగా సంగీతం వినిపిస్తూ ఉంటుంది. శివశంకర్ ఫోను పెట్టేశాడు. ఇక ఎలాగైనా డబ్బాను దక్కించుకోవాలి. ఆలోచించగా మొగిలి చట్టంలోనే దారి కనిపించింది. పీఠం మీదుంటే ఆర్టు, కిందుంటే చెత్త. డబ్బా కింద పడితే చాలు, అది చెత్త అయిపోతుంది. చెత్త ఏరుకోవడం తన వృత్తి. ఎవరూ కాదనలేరు.

మిగిలిపోయిన కమ్మీ ఒకటి తెచ్చాడు. మొగిలి అటు తిరగగానే కమ్మీని చక్రాల మీదుగా చాపి, డబ్బా పిడిలోకి దూర్చడానికి ప్రయత్నించాడు. కొస పిడికి తగిలి టంగుమంది. మొగిలి ఇటు తిరిగాడు.

"సార్, ఏం చేస్తున్నరు?"

"దూరం కొలుస్తున్న."

"గిట్ల అందరు కొలిస్తే పడిపోదా సార్?" అని మొగిలి లోపలికి వెళ్లి ఇత్తడి స్తంభాలు, ఎర్ర తాడు తెచ్చి పీఠం చుట్టూ కట్టేశాడు. "ఇగ ఎవ్వరు దగ్గరికి రారు. మీరు ఫికర్ చెయ్యకుండ్రి." తాడు కట్టేసరికి అందులో ఏదో గొప్ప వస్తువుందని తెలిసి పై అంతస్తుల నుంచి కూడా జనం దిగడం మొదలైంది.

మధ్యాహ్నమయ్యేసరికి పైనున్న లైటు వేడికి డబ్బా కాగింది. తలకాయ కూర వాసన సన్నగా బయలుదేరి, ఏసీ గాలితో కలిసి, లాబీ అంతా కమ్ముకుంది. దీనితో అయినా జనానికి కళ్లు తెరుచుకుంటాయని శివశంకర్ ఆశపడ్డాడు. కళ్లు మూసుకుని పీల్చారు తప్ప ఎవరూ తెరవలేదు.

"వాసన కూడా పెట్టాడు!" అన్నాడు ఒకతను పరవశంగా. "అన్ని జ్ఞానేంద్రియాలకూ అందే శిల్పం!"

అప్పుడు శివశంకర్ బుద్ధి పూర్తిగా పక్కకు తప్పుకుంది. జనానికి కావలసింది డబ్బానే అయితే, డబ్బాలు ఊళ్లో కరువా? స్కూటర్ మీద పోయి మాదాపూర్‌లో స్టీలు సామాను దుకాణం పట్టుకున్నాడు. నాలుగు గిన్నెల కొత్త డబ్బా కొన్నాడు. "పేరేం ఎయ్యాలె సార్?" అని దుకాణదారు అడిగితే "ఏం వద్దు, జల్ది ఇయ్యి" అని లాక్కుని వచ్చాడు. బస్టాపు వరుసలో ముందు నిలబడ్డ హెల్మెట్ కమ్మీకి దాన్ని తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. బాగుంది. నిజంగానే బాగుంది. బస్సు కోసం ఎదురుచూసే మనిషి చేతిలో అన్నం డబ్బా లేకుండా ఎలా ఉంటుంది? ఇన్నాళ్లూ తనకు తట్టనేలేదు. ఒక్క క్షణం అతను కుళ్లు మరిచిపోయి అచ్చమైన శిల్పిలాగా సంతోషించాడు.

"అయ్యో," అంది ఆ అమ్మాయి వెనక నుంచి. "కాపీ కొట్టేశాడు."

"ధర స్టిక్కర్ కూడా తియ్యలేదు పాపం," అన్నాడు కుర్రాడు. దగ్గరికెళ్లి వాసన చూశాడు. "దీంట్లో ఏమీ లేదు. ఖాళీ."

నవ్య తల అడ్డంగా ఊపింది. "సార్, మీ నుంచి ఇది ఎక్స్‌పెక్ట్ చేయలేదు."

తన డబ్బానే తను కాపీ కొట్టాడన్న నింద మోసిన శిల్పి ఈ నగరంలో ఇంకొకడు ఉంటాడని నేననుకోను. శివశంకర్ తన హెల్మెట్ల కిందే కూలబడ్డాడు. ఫోను మోగుతూనే ఉంది. ఒకసారి అత్తగారు, ఒకసారి భార్య. చివరికి ఎత్తాడు.

"మా అమ్మ ఆకలికి ఒర్రుతున్నది. డబ్బ ఇంక ఇయ్యలేదంట?" అంది ఉమాశ్రీ.

"హైటెక్ సిటీల్నే ఉన్న. జర లొల్లి అయింది. ఇంటికొచ్చినంక చెప్త."

"మర్చిపోయినవ్ గద?" అని ఆమె ఫోను పెట్టేసింది.

నాలుగింటికి రామచంద్రం గారు వచ్చారు. సిద్దిపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇంత కంపెనీకి పెద్దయిన మనిషి. ఆయన వెనక ఫొటోగ్రాఫర్, పది మంది మేనేజర్లు. హెల్మెట్లను చూసి "ఊఁ" అన్నారు. కొత్త డబ్బా మీది స్టిక్కర్ చూసి మరోసారి "ఊఁ" అన్నారు. తరువాత ఎర్ర తాడు దగ్గరికి వెళ్లి ఆగిపోయారు. ముక్కు ఎగబీల్చారు.

"తలకాయ కూర," అన్నారు మెల్లగా. మేనేజర్లు కూడా భక్తిగా పీల్చారు. "పొద్దటి నుంచి మీటింగులే, సలాడ్లే. ఎన్ని రోజులైంది ఈ వాసన చూసి! ఈ డబ్బ ఈడ పెట్టిన మనిషి ఎవరో, ఈ జాగ ఆయనకే. మధు గారూ, మీరేనా?"

పొద్దున్నించీ కాదండీ కాదండీ అని అలిసిపోయిన మధు నోరు తెరిచాడు. కానీ మాట రాలేదు. అవునంటే అబద్ధం, కాదంటే నష్టం. అతని జీవితంలో మొదటిసారి మంచితనం ఒక క్షణం ఆలస్యంగా వస్తోంది. ఆ క్షణాన్ని శివశంకర్ భరించలేకపోయాడు.

"నేను! నేనే పెట్టిన! గా డబ్బ నాది!" అని తాడు దూకి వచ్చాడు.

అందరూ ఒకేసారి మాట్లాడారు. నాది కాదని పొద్దున అమ్మతోడు వేశాడంది నవ్య. చూసి కాపీ కొట్టాడంది ఆ అమ్మాయి. "పొద్దంత దాన్ని కింద పడగొట్టాలనే చూసిండు సార్. కమ్మీ తోని పొడిసిండు," అన్నాడు మొగిలి. అతను అబద్ధాలాడే మనిషి కాదని అందరికీ తెలుసు. రామచంద్రం గారు జాలిగా చూశారు. "ఓడిపోతే బాధుంటది. కానీ గింత కుళ్లు మంచిది కాదు."

"సార్, ఒట్టు సార్! అది మా అత్తమ్మ డబ్బ. వెనకకు తిప్పుండ్రి, పేరుంటది. కిష్టమ్మ అని!"

నవ్య కళ్లతో సైగ చేసింది. మొగిలి చేతులు ప్యాంటుకు తుడుచుకుని, దేవుడి విగ్రహాన్ని ముట్టుకున్నంత జాగ్రత్తగా డబ్బాను తిప్పాడు. ఒక్కో గిన్నె మీదా చుక్కల్లో పేరు. మొగిలి చదివాడు. "కిష్టమ్మ. కిష్టమ్మ. కిష్టమ్మ. కిష్టమ్మ. మూత మీద గూడ కిష్టమ్మనే సార్."

మధు నోరెళ్లబెట్టాడు. "నువ్వట్రా ఆ పెట్టినవాడివి!" అన్నాడు. ఆ గొంతులో ఉన్నది అచ్చమైన, కల్తీలేని కుళ్లు. శివశంకర్ చెవులకు అంత తియ్యటి మాట అంతకుముందెన్నడూ తగల్లేదు. రామచంద్రం గారు అతని వైపు చెయ్యి చాపారు. ఫొటోగ్రాఫర్ కెమెరా ఎత్తాడు. బామ్మర్ది దుకాణంలో కుర్చీ అంతకంతకూ దూరం జరిగిపోతున్నట్టు కనిపించింది.

"నా డబ్బ ఏదీ?"

రిసెప్షన్ దగ్గర కిష్టమ్మ నిలబడి ఉంది. మెడలో విజిటర్ కార్డు, చేతిలో సంచి, మొహంలో పగటి నుంచి తినని మనిషి కోపం. కూతురి దగ్గర ఆచూకీ తీసి, ఆటో కట్టుకుని వచ్చేసింది. జనం పక్కకు తప్పుకుంటే నేరుగా పీఠం దగ్గరికి నడిచింది.

"రండి అమ్మా," అన్నారు రామచంద్రం గారు. "మీ అల్లుడు ఈ డబ్బ ఈడ పెట్టి ఎంత గొప్ప శిల్పం చేసిండో చూడుండ్రి."

"పెట్టుడేంది సారూ? మర్చిపోయిండు."

"లేదత్తమ్మా, నేను కావాలనే..."

"ఊకో. నాకెర్కలేదా నీ సంగతి?" కిష్టమ్మ జనం వైపు తిరిగింది. "లగ్గమైన నెలకే నా బిడ్డెను బస్టాండ్ల కూసుండబెట్టి, మర్చిపోయి ఒక్కడే ఇంటికొచ్చిండు. గదేమన్న శిల్పమా?"

నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. అందరికంటే ఆలస్యంగా ఆపినవాడు మధు. రామచంద్రం గారు చాపిన చెయ్యి జేబులోకి వెళ్లిపోయింది. మరిచిపోవడం ముట్టుకోవడం కిందకు రాదు కాబట్టి శివశంకర్ తప్పు లేదని నవ్య తీర్పు చెప్పింది. తప్పు లేదంటే గొప్ప కూడా లేదని వేరే చెప్పనక్కర్లేదు.

కిష్టమ్మ ఇవేవీ పట్టించుకోలేదు. తాడు పక్కకు జరిపి పీఠం మీద కూర్చుని డబ్బా విప్పింది. "అందరు గిట్ల ముంగట నిలబడితే నేనెట్ల తినాలె? రండ్రి," అని పెద్దసారు చేతిలో ముందుగా ఒక జొన్నరొట్టె, దాని మీద కూర పెట్టింది. రామచంద్రం గారు పీఠం అంచున కూర్చుని తిన్నారు. రెండో రొట్టె కూడా తిన్నారు. వేళ్లు నాకి, పంచాయితీ పెద్దలాగా మాట్లాడారు.

"చక్రాలు మధువి. కానీ డబ్బ లేకుంటే ఉత్త చక్రాలే. డబ్బ పెట్టినోడు ఎవడూ లేడు, మర్చిపోయినోడే ఉన్నడు. పేరు మాత్రం సాఫ్ సీదా రాసుంది. ఈ జాగ కిష్టమ్మదే."

"డబ్బ ఈడుంటే నాకెట్ల?" అంది కిష్టమ్మ. చుట్టూ చూసింది. ఎదురుగా హెల్మెట్‌కు వేలాడుతున్న కొత్త డబ్బా కనిపించింది. అల్లుణ్ణి ఆపాదమస్తకం చూసింది. "గిది గూడ మర్చిపోయినవా?"

కిష్టమ్మ కొత్త డబ్బా దించి, గిన్నెలన్నీ తట్టి చూసి, సంచిలో వేసుకుంది. "గదైతే మీరుంచుకోండ్రి. దీని మీద నేను పేరేయించుకుంట."

ఆ రాత్రి శివశంకర్ అన్నం ముట్టలేదు. ఓడిపోయాడు. మధు చేతిలో ఓడితే అలవాటు ప్రకారం ఏడ్చుకునేవాడు. అత్తగారి చేతిలో ఓడిపోతే ఎవరితో చెప్పుకోవాలి? సోమవారం పొద్దున ఉతికిన చొక్కా తొడుక్కుని, టైల్స్ దుకాణానికి వెళ్లడానికి తెల్లాపూర్ చేరాడు. గుమ్మంలోనే కిష్టమ్మ అడ్డం నిలబడింది. పెద్దసారు ఫోను చేశారట. రెండో భవనానికి కూడా ఒక శిల్పం ఆమెనే చేసి ఇమ్మన్నారట.

"అటక మీద శాన సామానుంది అల్లుడా. రెండు బిందెలు, పాత ఇడ్లీ గిన్నె, మీ మామ రేడియో. నేనెట్ల మొయ్యాలె? దుకాణం గికాణం ఏం లేదు, నిచ్చెన ఎక్కు." రవీందర్ కుర్చీ మరొకరికి ఇచ్చేశాడు. ఆ విధంగా శివశంకర్ కళారంగంలోనే మిగిలిపోయాడు.

నెల తిరిగేసరికి లాబీలో చక్రాల పక్కన ఇత్తడి పలక పెట్టారు. అందులో 'శిల్పి: కిష్టమ్మ, తెల్లాపూర్' అని పెద్ద అక్షరాలు. కింద 'చక్రాలు: మధు'. శివశంకర్ నవ్య చుట్టూ వారం రోజులు తిరిగి గొడవ పెట్టుకోగా, ఇంకొక వరుస చెక్కించారు. 'మరిచిపోయినవారు: శివశంకర్'. చూసి ఉమాశ్రీ నవ్వు ఆపుకోలేకపోయింది. అతను మాత్రం పలకను ఫొటో తీసి బంధువులకు, స్నేహితులకు, కాలేజీ వాళ్లకు, అందరికీ పంపించాడు.

ఆ ఫొటోలో మధు పేరు ఉన్న చోట ఎవరిదో బొటనవేలు అడ్డం వచ్చింది.